పిండి పూసుకున్న ఈగలు

"గుమ్మం మూయండి! ముందు దాని గుమ్మం మూయండి!"

మేడమ్ కేక చేను అవతలి దాకా వినిపించింది. ఏడో నంబరు పెట్టె చుట్టూ తేనెటీగలు నల్లటి పొగలా సుళ్ళు తిరుగుతున్నాయి. రోజూ వినపడే నిద్రమత్తు రొద కాదది. పళ్ళు నూరుతున్నట్టు, అంతకంతకూ గొంతు పెంచుకుంటూ పోతున్న రొద. పెట్టె ముందున్న వాలుచెక్క మీద ఈగలు జంటలు జంటలుగా పెనవేసుకుని దొర్లుతున్నాయి. కింద గడ్డిలో చచ్చినవి అప్పటికే దోసెడు ఉన్నాయి.

"నా ఈగలు! అక్కా, నా ఈగలు చచ్చిపోతున్నాయి!" అంటూ చిన్నకోడలు ముసుగైనా వేసుకోకుండా దూకబోయింది.

పెద్దకోడలు తోడికోడలి జబ్బ పట్టుకుని వెనక్కి లాగింది. "పిచ్చిదానా, మొహం గుమ్మడికాయ అవుతుంది! ముందు ముసుగు తగిలించుకో!"

ఆ లాగడంలో ప్రేమ ఎంతుందో, ఆ పెట్టె దగ్గరికి ముందు తనే చేరాలన్న పంతం ఎంతుందో ఆమెకే తెలియదు. తన ముసుగు సర్దుకుని, గట్టు మీది గడ్డి రెండు గుప్పిళ్ళు పీకి, పెట్టె గుమ్మంలో కుక్కింది. ఈగలు చేతి తొడుగుల మీద వడగళ్ళలా టపటపా కొట్టుకున్నాయి. వెనకనుంచి టైలరమ్మ తడిపిన గోనెపట్టా ఈడ్చుకొచ్చి పెట్టె మీద కప్పింది. ఇంకొకామె బురద తెచ్చి సందులకు మెత్తింది. రేడియో మాత్రం ఎప్పటిలాగే పనికి దూరంగా నిలబడి వార్తలు చదువుతోంది. "అయ్యో, ఇటు నుంచి దూరుతున్నాయి! అయ్యో, అటు నుంచి కూడా!" ఊళ్ళో ఏ సంగతైనా ముందు ఆమె నోట్లోంచే వస్తుంది కాబట్టి ఆ పేరు. అసలు పేరు ఆమె మొగుడికి కూడా గుర్తుందో లేదో.

ఎనిమిది మంది ఆడవాళ్ళు, ఎనిమిది పెట్టెలు. పొద్దుతిరుగుడు చేను గట్టున వరసగా, నాలుగు కాళ్ళ బల్లల మీద. శిక్షణ కేంద్రం వాళ్ళు మూడు నెలల కిందట ఒక్కొక్కరికి ఒక్కో పెట్టె అప్పజెప్పారు. ఈ శుక్రవారం పెద్దాఫీసు నుంచి ఆఫీసరు వస్తాడు. ఎవరి పెట్టె అందరికంటే బాగుంటే వాళ్ళకి ఇరవై పెట్టెలు, దాంతోపాటు కొత్త బ్యాచికి పాఠం చెప్పే పని. నిన్నటిదాకా అది ఎవరికి దక్కుతుందో ఎవరూ అడగనక్కర్లేదు. ఏడో నంబరుకే. చిన్నకోడలికే.

రొద కాస్త తగ్గాక మేడమ్ ముసుగు పైకెత్తి చెమట తుడుచుకుంది. శిక్షణ కేంద్రం పంపిన పాతికేళ్ళ పిల్ల. గొంతు మాత్రం రిటైరు కాబోయే హెడ్మాస్టరుది.

"ఇది దోపిడీ," అంది. "పూలు అయిపోయాయి కదా. తిండి చాలని పెట్టెలోని ఈగలు పక్క పెట్టె మీద పడి తేనె దోచుకుంటాయి. చూడండి, బయటికొచ్చేవి ఎలా వస్తున్నాయో."

అందరూ చూశారు. గోనె అంచు కిందనుంచి బయటపడ్డ ఈగలు వెంటనే ఎగరలేకపోతున్నాయి. కడుపునిండా తేనె మోసుకుని, పెట్టె గోడ పట్టుకుని పైకి పాకి, అంచు మీదినుంచి బరువుగా గాల్లోకి జారుతున్నాయి.

"ఏ ఊరి ఈగలు మేడమ్ ఇవి?" అంది టైలరమ్మ.

"ఏ ఊరివో కాదు. మన మిగతా ఏడు పెట్టెల్లో ఒకదానివే."

మేడమ్ పెట్టె వెనక్కి వెళ్ళి గోనె తీసి వంగింది.

"నాకు అర్థం కానిది ఒకటే. బలమైన పెట్టె జోలికి దొంగలు రావు. కాపలా ఈగలు గుమ్మంలోనే చీల్చేస్తాయి. ఇవి గుమ్మంలోంచి రాలేదు." వేలు పెట్టి చూపించింది. "మూత పక్కకి జరిగి ఉంది. వేలు దూరేంత సందు. ఎవరు తీశారు దీన్ని?"

"నేను తీయలేదు మేడమ్," అంది చిన్నకోడలు. "శనివారం మీ ఎదురుగా తీయడమే. మళ్ళీ ముట్టుకోలేదు."

"అయితే ఎవరో తీశారు. తీసి సరిగ్గా మూయలేదు."

పెద్దకోడలు తన చేతి తొడుగులకు అంటుకున్న గడ్డిపరకలు ఒక్కొక్కటే ఏరి పారేస్తోంది. అన్నీ అయిపోయాక కూడా ఏరుతూనే ఉంది.

నిన్న, ఆదివారం మధ్యాహ్నం, ఆ మూత తీసింది ఆమే.

*

తీసింది నిజమే. మూసింది కూడా నిజమే. ఇంటికి నడుస్తున్నంతసేపూ ఆమె మనసులో అదే మాట తిప్పుకుంది. పక్కన చిన్నకోడలు ముక్కు చీదుకుంటూ నడుస్తోంది. ఎదురొచ్చిన వాళ్ళందరూ ఆగి, "ఏమైంది తల్లీ?" అని దాన్నే అడుగుతున్నారు. పక్కన ఇంకో మనిషి కూడా నడుస్తోందని ఒక్కరికీ కనపడలేదు.

మూత తీసి చూడటం దొంగతనమా? చూసింది, అంతే. నిన్న అందరూ షెడ్డు నీడలో అన్నాలు తింటుంటే, ఈగలకి తిండిగా డబ్బాలో పంచదార నీళ్ళు తీసుకుని తన మూడో నంబరు పెట్టె దగ్గరికి వెళ్ళింది. ఎండ పూట పంచదార నీళ్ళు పెట్టొద్దనీ, పొద్దువాలి ఈగలన్నీ లోపలికి చేరాకే పెట్టాలనీ, ఒక్క చుక్క కూడా బయట పడకూడదనీ మేడమ్ వందసార్లు చెప్పింది. తెలుసు. కానీ పొద్దువాలితే చిన్నది తోకలా వెంటే ఉంటుంది. "ఏంటక్కా అది? నేనూ పెడతానక్కా," అంటుంది. పెడుతుంది. తనకంటే శుభ్రంగా పెడుతుంది. మర్నాడు మేడమ్ అందర్నీ పిలిచి, "చూడండి, పెట్టడమంటే ఇలా పెట్టాలి," అంటుంది.

అందుకే మధ్యాహ్నం. డబ్బా తొణికి కాసిని నీళ్ళు బల్ల మీద పడితే చేతిగుడ్డతో తుడిచేసింది. ఈగలు అప్పటికే ఆ తడి మీద మూగుతున్నా పట్టించుకోలేదు. తిరిగొస్తూ ఏడో నంబరు ముందు ఆగింది. ఒక్కసారి చూద్దామనిపించింది. దాని పెట్టెలో ఏముంది, తన పెట్టెలో ఏం లేదు? మూత ఎత్తింది. ఎనిమిది తేనె చట్రాలు, ఈ కొస నుంచి ఆ కొసకి, తెల్లటి మైనం మూతలు వేసి గోడ కట్టినట్టున్నాయి. తన పెట్టెలో నిండినవి నాలుగున్నర. ఒకటే చేను, ఒకటే పూలు, ఒకటే మేడమ్. అంతలో షెడ్డు వైపు నుంచి రేడియో నవ్వు వినపడింది. మూత దించేసి వచ్చేసింది.

దించింది. మూసినట్టే కదా!

ఇంట్లో అడుగు పెట్టగానే అత్త చిన్నకోడల్ని దగ్గరికి తీసుకుంది. పీట వేసింది. మంచినీళ్ళు తెచ్చి స్వయంగా చేతికిచ్చింది. పెద్దకోడలు పెరట్లోకి వెళ్ళి కాళ్ళు కడుక్కుని, చిక్కుడుకాయల గంప ముందు కూర్చుంది.

"చిన్నదాని చెయ్యి మంచిది," వంటింట్లోంచి అత్త గొంతు. "అది గుచ్చితే ఎండుకట్టె కూడా చిగురేస్తుంది. ఎవరి కళ్ళు పడ్డాయో ఏమో!"

"ఎవరి కళ్ళూ కాదత్తయ్యా. ఎవరో మూత తీశారట."

"తీసిన చేతులు పడిపోను!"

చిక్కుడుకాయ ఈనె తీస్తున్న చేతులు ఒక్క క్షణం ఆగాయి. మళ్ళీ కదిలాయి.

"మరి నీ పెట్టె ఎలా ఉందే?" అత్త గుమ్మంలోకి వచ్చి అడిగింది.

"బాగానే ఉంది."

"నీకేంలే. నువ్వెలాగోలా నెట్టుకొస్తావు," అని అత్త లోపలికి వెళ్ళిపోయింది.

ఎలాగోలా! శిక్షణకి ముందు పేరిచ్చింది తను. ఈగలంటే భయమని ఏడిస్తే, "నేనున్నాగా పద," అని చిన్నదాన్ని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది తను. మొదటి వారం కుట్టించుకుని కన్ను వాచిపోయి ఇంటికొచ్చింది తను. ఆ రోజు ఎవరూ పీట వేయలేదు. "వెళ్ళమని ఎవరన్నారు?" అన్నారు. ఇప్పుడు చిన్నది పోగొట్టుకుంటే ఇల్లంతా దాని చుట్టూనే. నెగ్గినా అదే, ఓడినా అదే. ఏడుపులో కూడా దానికే మొదటి పీట!

*

మంగళవారం పొద్దున్నే మేడమ్ ఒక జల్లెడ, చిన్న గుడ్డసంచి నిండా మెత్తటి పిండి పట్టుకొచ్చింది.

"దొంగని పట్టేది ఇదే," అంది. "ఏడో నంబరు గుమ్మం ఒక్క ఈగ పట్టేంత తెరుస్తాను. దోచుకుని బయటికొచ్చేవాటి మీద పిండి జల్లుతాను. తెల్లగా అయిపోతాయి. ఎక్కడికి పోతాయి? ఎవరింటికి వాళ్ళు పోవాల్సిందే కదా! మీరందరూ ఎవరి పెట్టె ముందు వాళ్ళు కూర్చోండి. తెల్లటి ఈగ మీ పెట్టెలోకి దూరితే చెప్పండి."

"పోలీసు కుక్క కంటే బాగుంది మేడమ్," అంది రేడియో.

"కుక్కయితే అరుస్తుంది. ఇక్కడ మీరే చెప్పాలి."

అందరూ నవ్వారు. అలా కూర్చోబెట్టడంలో తప్పు ఎవరికీ కనపడలేదు. మూడు నెలలుగా అలవాటైన పద్ధతే. ఎవరి పెట్టెకి వాళ్ళే తల్లి, వాళ్ళే కాపలా. ఒకరి పెట్టె దగ్గర ఇంకొకరిని కూర్చోబెడితే మనసు కష్టపెట్టుకుంటారు.

పెద్దకోడలు మూడో నంబరు ముందు గొంతుక్కూర్చుంది. కుడిపక్కన నాలుగో నంబరు ముందు టైలరమ్మ, ముసుగు లోపల కళ్ళజోడు సర్దుకుంటూ. ఈ ముసుగులన్నీ కుట్టింది ఆమే. యాభై దాటిన మనిషి. పొద్దంతా మిషను తొక్కి, మిగిలిన టైములో ఈగల పాఠం.

ఏడో నంబరు దగ్గర మేడమ్ జల్లెడ తట్టింది. పిండి మంచులా రాలింది.

ఒకటి. ఒక్కటే అనుకుంది పెద్దకోడలు, కళ్ళు చిట్లించి. ఎండలో తెల్లటి చుక్క ఒకటి గాల్లో తూలుతూ వచ్చి, మూడో నంబరు వాలుచెక్క మీద దిగింది. రెక్కలు దులుపుకుంది. గుమ్మంలో ఉన్న కాపలా ఈగలు దాన్ని వాసన చూసి పక్కకి తప్పుకున్నాయి. ఊరికెళ్ళొచ్చిన ఇంటి మనిషికి తలుపు తీసినట్టు. అది లోపలికి నడిచి వెళ్ళిపోయింది.

రెండు. నాలుగు. ఆ తర్వాత లెక్క లేదు. ఒకదాని వెనక ఒకటి, తెల్లటి పొట్టలు ఈడ్చుకుంటూ, ఆమె పెట్టెలోకి. పంచదార నీళ్ళు బల్ల మీద ఒలికింది ఇక్కడ. ఆ రుచి మరిగి ఇంకా కావాలని ఊగిపోయింది ఈ ఈగలే. వాటికి సందు తెరిచి పెట్టింది తను. దొంగల్ని తయారుచేసింది ఆమే, తలుపు తీసిందీ ఆమే. ఇంక వంక పెట్టుకోవడానికి ఏదీ మిగల్లేదు.

"ఒకటో నంబరు!" మేడమ్ అక్కణ్నుంచే కేకేసింది.

"లేవు మేడమ్!"

"రెండు!"

"ఒక్కటీ రాలేదు!"

దారి తప్పిన తెల్లటి ఈగ ఒకటి వచ్చి పెద్దకోడలి మోకాలి మీద వాలింది. పిండి దులుపుకుంటూ అక్కడే కూర్చుంది. పక్కకి ఒక్క చూపు తిప్పితే టైలరమ్మకి కనపడుతుంది.

"మూడు!"

పెద్దకోడలు చేతి తొడుగు తీసేసి ఉంది. అరచెయ్యి ఆ ఈగ మీద పెట్టి మూసేసింది. ముల్లు అరచేతిలో సర్రున దిగింది. మంట మోచేతి దాకా పాకింది. పెదవి కదలనివ్వలేదు.

"లేవు మేడమ్."

"నాలుగు!"

"వచ్చాయి మేడమ్!" టైలరమ్మ గొంతులో, తెలిసిన ప్రశ్న అడిగితే బడిపిల్లకి వచ్చే సంబరం. "మూడు వచ్చాయి. తెల్లగా, ముద్దుగా ఉన్నాయి. లోపలికి పోయాయి."

అందరూ లేవడం, ముసుగుల్లోంచి అందరి కళ్ళూ ఒకే వైపు తిరగడం. అప్పుడు గానీ టైలరమ్మకి తానేం చెప్పిందో తట్టలేదు.

"మూడేనా?" మేడమ్ దగ్గరికొచ్చింది. "ఇందాకటి నుంచి వందకి పైగా జల్లాను. మూడేనా వచ్చింది?"

"నా కళ్ళజోడుకి ఆవిరి పట్టిందమ్మా," టైలరమ్మ బెదురుతూ అంది. "సరిగ్గా ఆనలేదు. ఇంకా వచ్చే ఉంటాయి."

మిగతా మూడు పెట్టెల వాళ్ళూ లేవన్నారు. బరువుతో తూలే ఈగలు రెండో మూడో పక్క పెట్టెలోకి పొరపాటున దూరుతుంటాయి. ఆ సంగతి మేడమ్‌కి తెలుసు. కానీ పక్క పెట్టె మనిషి లేవు అన్నాక అనుమానించడం ఎలా? ఒక్కసారి మూడో నంబరు వైపు చూసింది. పెద్దకోడలు గుప్పిట ఒళ్ళో దాచుకుని కూర్చుంది.

*

ఆ సాయంత్రం ఏడో నంబరు తెరిచారు. చిన్నకోడలే చట్రాలు ఒక్కొక్కటే బయటికి తీసింది. దొంగ ఈగలు మైనం మూతలు చింపి, గదులు కొరికి, పిప్పి చేసి పారేశాయి. అడుగున మైనపు పొడి అంగుళం మందాన పేరుకుని ఉంది. రాణి ఈగ ఒక మూల వెల్లకిలా పడి ఉంది. చిన్నకోడలు దాన్ని గోటి మీదికి తీసుకుని కాసేపు చూసి, గడ్డిలో పెట్టింది. ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది.

నాలుగో నంబరు గుమ్మానికి వల కొట్టి షెడ్డులోకి మార్చారు. అంటే శుక్రవారం పోటీలో అది లేనట్టే.

"దొంగ ఈగల తప్పు మనిషి మీద వేయకూడదు," అంది మేడమ్. "కానీ మూత తీయడం మనిషి పని. దానికి మాత్రం జవాబు కావాలి."

"ఆదివారం మధ్యాహ్నం టైలరమ్మ ఏడో నంబరు పక్కనే తచ్చాడింది. నేను చూశాను," అంది రేడియో.

"చిరిగిన ముసుగు కంచె మీద ఆరేశారుగా, కుట్టడానికి తీసుకోబోయాను!"

"ముసుగు కోసమా, మూత కోసమా?"

"ఒట్టు తల్లీ, నేను తీయలేదు!"

బుధవారం పొద్దున రేడియో టైలరమ్మకి కుట్టడానికిచ్చిన గుడ్డముక్క వెనక్కి తెచ్చేసుకుంది, కత్తెర పడకముందే. మధ్యాహ్నానికి ఇంకో ఇద్దరు. సాయంత్రానికి టైలరమ్మ అరుగు మీద మిషను ఉంది, పక్కన బట్టల మూట లేదు.

గురువారం ఆమె తోడికోడళ్ళ ఇంటికి వచ్చింది. కుట్టిన బట్టల పొట్లం పెద్దకోడలి చేతిలో పెట్టి, చిన్నకోడలి ముందు నిలబడింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"నా ఈగలు నీ కొంప ముంచాయమ్మా. మూత నేను తీయలేదు, అది మాత్రం నమ్ము. కానీ తిన్నది నా ఈగలే. వాటికి తిండి చాలడం లేదని నేనే కనిపెట్టుకోవాల్సింది."

"ఊరుకో పిన్నీ," చిన్నకోడలు ఆమె చెయ్యి పట్టుకుంది. "ఈగలకి నీదీ నాదీ అని తెలుస్తుందా? మిషను తొక్కే కాళ్ళతో నువ్వొచ్చి మూత తీస్తావంటే నేను నమ్ముతానా?"

టైలరమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. పెద్దకోడలి వైపు తిరిగింది. "నువ్వు నా పక్కనే ఉన్నావు కదా అమ్మాయ్. నా పెట్టెలోకి ఎన్ని పోయాయి? నా కళ్ళకి ఆనలేదు గానీ, నువ్వు చూసే ఉంటావు."

"చూడలేదు పిన్నీ," అంది పెద్దకోడలు. "నా పెట్టె చూసుకుంటున్నాను."

అందులో అబద్ధం సగమే.

టైలరమ్మ వెళ్ళాక చిన్నకోడలు తడిగుడ్డ తెచ్చి పెద్దకోడలి అరచేతికి చుట్టింది. చెయ్యి ఇంకా ఎర్రగా ఉబ్బి ఉంది. "మూడు రోజులైనా తగ్గలేదేంటక్కా? జాగ్రత్తగా ఉండు. రేపు చట్రాలు ఎత్తాలి. నాదెలాగూ పోయింది. నీదైనా నెగ్గాలి."

"నేను నెగ్గితే నీకేంటి?"

"అదేం మాటక్కా? మనింటికే కదా వచ్చేది!"

ఆమె ఊరికే అనలేదు. బుధ, గురువారాలు తెల్లారకముందే లేచి మూడో నంబరు బల్ల కాళ్ళకింద చీమలు ఎక్కకుండా పెట్టిన గిన్నెల్లో నీళ్ళు మార్చింది. చుట్టూ గడ్డి కోసింది. కందిరీగ వస్తే చీపురు పట్టుకుని తరిమింది. తన ఖాళీ పెట్టె అదే వరసలో ఉంది, దాని వంక కూడా చూడలేదు. పెద్దకోడలు దూరం నుంచి అదంతా చూస్తూ, దీనికి కడుపుమంట అన్నదే ఉండదా అనుకుంది. లేకపోతే ఎలా? అది కూడా ఉంటే ఇద్దరూ సమానంగా ఉండేవాళ్ళు. ఇందులో కూడా అదే ఒక మెట్టు పైన ఉందన్న ఆలోచన వచ్చేసరికి ఆమెకి ఒళ్ళు మండిపోయింది.

*

శుక్రవారం ఆఫీసరు వచ్చాడు. ముసుగు వేసుకోమంటే వద్దన్నాడు. తూకం కాటా షెడ్డు దూలానికి వేలాడదీయించి, దూరంగా కుర్చీలో కూర్చుని, "ఒక్కొక్కటే తీసుకురండి," అన్నాడు. ఆయనకి కాటా ముల్లు తప్ప ఇంకేదీ అక్కర్లేదు.

ఒకటో నంబరు చట్రాలు తేలిగ్గా ఉన్నాయి. రెండూ అంతే. మూడో నంబరు చట్రాలు పెద్దకోడలే మోసుకొచ్చింది. వారం కిందట నాలుగున్నర. ఇప్పుడు ఎనిమిదీ నిండాయి. తెల్లటి మైనం మూతలు, ఈ కొస నుంచి ఆ కొసకి. కాటా ముల్లు ఒక్కసారిగా కిందికి జారింది.

"అబ్బో!" అన్నాడు ఆఫీసరు. "పూలు లేని రోజుల్లో ఇంత తేనె! ఏం చేశావమ్మా?"

మేడమ్ చట్రం చేతిలోకి తీసుకుని వెలుతురుకి ఎత్తి చూసింది. "నాలుగు రోజుల్లో బాగా పుంజుకుంది," అంది. అది మెచ్చుకోలో మరొకటో పెద్దకోడలికి తెలియలేదు. మేడమ్ కళ్ళలోకి చూడలేదు కాబట్టి తెలుసుకునే వీలు కూడా లేకపోయింది.

మిగతావి తూచడం మర్యాద కోసమే. ఆఫీసరు లేచి, కాగితం చూసి, మూడో నంబరు అని చదివాడు. ఇరవై పెట్టెలు. కొత్త బ్యాచికి టీచరు. ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. "చెప్పానా, పెద్దకోడలి చెయ్యి మంచిదని!" అంది రేడియో. నిన్నటిదాకా చిన్నకోడలి చేతి గురించి చెప్పిన నోరే.

పెద్దకోడలు ముందుగా చూసింది చిన్నకోడలి మొహం వైపు. ఈ క్షణం కోసమే మూడు నెలలు ఎదురుచూసింది. ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి, దాని మొహంలో ఆ మంట చూడాలి. కన్ను పక్కకి తిప్పుకోవడం, పెదవి బిగించడం, నవ్వు అతికించుకోవడం. అవన్నీ తనకి కంఠతా వచ్చు. ఎక్కడ దాచినా పట్టేయగలదు.

చిన్నకోడలు అందరికంటే గట్టిగా చప్పట్లు కొడుతోంది. "మా అక్క! మా అక్క!" అంటూ పక్కనున్న ఆమె భుజం పట్టి ఊపేస్తోంది. పెద్దకోడలు ఎంత వెతికినా ఆ మొహంలో ఇంకేమీ దొరకలేదు.

షెడ్డు రెండో పక్కన కొత్త బ్యాచి ఆడవాళ్ళు పన్నెండు మంది చాప మీద కూర్చుని ఉన్నారు. చేతుల్లో కొత్త పుస్తకాలు, మొహాల్లో ఈగల భయం. మేడమ్ పెద్దకోడలిని వాళ్ళ ముందు నిలబెట్టింది. "మీ టీచరు. మొదటి పాఠం ఈవిడే చెబుతారు."

పెద్దకోడలు చట్రం పైకెత్తింది. ఇది పట్టు, ఇవి గదులు, ఇది మైనం మూత. గొంతు మొదట సన్నగా వచ్చింది, తర్వాత నిలబడింది. తెలిసిన పనే. చట్రాన్ని వాలుగా పట్టుకోకూడదనీ, నిట్టనిలువుగా తిప్పాలనీ తిప్పి చూపించింది. వాళ్ళు నోరు తెరిచి వింటున్నారు. ముందు వరసలో ఒక చిన్నది గబగబా రాసుకుంటోంది. ఇదే కదా తను కోరుకున్నది! బాగుంది కూడా. అదే పెద్ద కష్టంగా ఉంది.

రాసుకుంటున్న చిన్నది చెయ్యెత్తింది. "టీచర్‌గారూ, అక్కడ రెండు పెట్టెలు పక్కన పెట్టేశారేంటి? ఒకటి ఖాళీగా ఉంది. ఇంకోదానికి వల కొట్టారు."

మేడమే అందుకుంది. "ఖాళీది దోపిడీలో పోయింది. ఒక పెట్టె ఈగలు ఇంకో పెట్టెని దోచుకోవడం. అది కూడా మీకు పాఠమే."

"ఏ పెట్టె దోచింది మేడమ్?"

నోటితో చెప్పనక్కర్లేదు. రేడియో గడ్డం తిప్పింది, ఒకరి తర్వాత ఒకరు అందరూ అటే తిరిగారు. వెనక గుంజ పక్కన, చప్పట్లప్పుడు కూడా ముందుకి రాని మనిషి, టైలరమ్మ. పన్నెండు మంది కొత్తవాళ్ళు కూడా మెడలు తిప్పి ఆమెనే చూశారు. రేపు ఈ పన్నెండు మందీ తమ ఊళ్ళకి పోతారు. అక్కడ కూడా దొంగ అంటే ఆమె మొహమే.

టైలరమ్మ గుంజ వదిలి నిలబడింది. ఎవరో పేరు పిలిచినట్టు, పిలుపుకి జవాబు చెప్పాలన్నట్టు. కళ్ళజోడు సర్దుకుంది.

"నాదేనమ్మా," అంది మెల్లగా. "నాలుగో నంబరు. పిండి జల్లి చూశారు. నా పెట్టె ఈగలే..."

"కాదు."

ఆ గొంతు ఎవరిదో ముందు ఎవరికీ తెలియలేదు. పెద్దకోడలికి కూడా. చేతిలో ఎనిమిదో చట్రం ఉంది. దాన్ని నిట్టనిలువుగా పట్టుకుని, పన్నెండు మంది తలల మీదుగా, ముందు టైలరమ్మ వైపు, ఆ తర్వాత చప్పట్లు కొట్టి ఎర్రబడ్డ చేతులతో నిలబడ్డ చిన్నకోడలి వైపు చూసింది.

"పిన్ని పెట్టెలోకి పోయినవి మూడే. దారి తప్పి పోయాయి. మిగతావన్నీ ఎక్కడికి పోయాయో నేను కళ్ళారా చూశాను. చూసి, లేవని చెప్పాను." చట్రం బల్ల మీద పెట్టింది. "దోచింది మూడో నంబరు పెట్టె. ఆదివారం మధ్యాహ్నం ఏడో నంబరు మూత తీసింది నేను."